కెనడా పురావస్తు తవ్వకాల్లో మొదటి సీజన్: ఎలా సిద్ధం కావాలి, క్రూలో ఎలా కుదురుకోవాలి

కెనడాలో పురావస్తు పని చేసేవాళ్లలో ఎక్కువమంది కన్సల్టింగ్ కంపెనీల్లో ఉంటారు. ఇళ్ల లేఅవుట్ వేసినా, హైవే వేసినా, గ్యాస్ పైప్‌లైన్ వేసినా, కట్టడానికి ముందు ఆ నేలలో పాత మనుషుల జాడలు ఉన్నాయో లేదో చూడాలి. ఆ చూడటమే వీళ్ల ఉద్యోగం. నాగార్జునసాగర్ నీళ్లు ముంచెత్తేలోపు, 1954 నుంచి 1960 వరకు, నాగార్జునకొండ లోయను తవ్వి కాపాడుకున్న సంగతి మనకు తెలిసిందే. ఆ తరహా పనే ఇక్కడ చిన్న చిన్న ముక్కలుగా, ఏటా ఎన్నో పొలాల్లో, పెరళ్లలో జరుగుతుంటుంది. తేడా ఒకటుంది. మన దగ్గర తవ్వేది ఎక్కువగా కూలీలు, పక్కన నిలబడి రాసుకునేది శాస్త్రవేత్తలు. ఇక్కడ ఎంఏ పట్టా ఉన్నా సరే, పార మీ చేతిలోనే ఉంటుంది.

హైదరాబాద్‌లోనో పుణేలోనో పురావస్తు శాస్త్రం చదివి కెనడా వచ్చినవాళ్ల కోసం, ఇక్కడే ఆంత్రోపాలజీ చదువుతున్న మన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. చెప్పేదంతా ఒంటారియో గురించే. ఇక్కడ ప్రతి ప్రావిన్సుకీ సొంత చట్టం ఉంది. బ్రిటిష్ కొలంబియాలో 1846కు ముందటి స్థలాలకు చట్టరీత్యా రక్షణ ఉంటుంది, దేవదారు చెట్ల మీద బెరడు ఒలిచిన పాత గుర్తులు కూడా రికార్డు చేయాలి. ఆల్బెర్టా పర్మిట్ పద్ధతి మళ్లీ వేరు. కానీ క్రూలో మనుషుల మధ్య నడిచే పద్ధతులు ఎక్కడైనా చాలావరకు ఇంతే.

ముందు నాలుగు స్టేజీలు ఒంటబట్టించుకోండి

ఒంటారియోలో పని స్టేజ్ 1 నుంచి స్టేజ్ 4 వరకు నడుస్తుంది. స్టేజ్ 1లో పాత మ్యాపులు, రికార్డులు చూసి ఆ స్థలంలో ఏమైనా దొరికే అవకాశం ఉందా అని తేలుస్తారు. స్టేజ్ 2లో నేల మీదకు వెళ్లి వెతుకుతారు. ఏదైనా దొరికితే స్టేజ్ 3లో అది ఎంత పెద్దది, ఎంత ముఖ్యమైనది అని ఒక మీటరు చదరపు గుంటలతో కొలుస్తారు. స్టేజ్ 4లో రెండే దారులు. ఆ చోటును కదపకుండా వదిలేసి కాపాడటం ఒకటి, పూర్తిగా తవ్వి రికార్డు చేయటం రెండోది. మొదటి దారి కుదిరినప్పుడు దాన్నే ఎంచుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. ఒకసారి తవ్వితే ఆ స్థలం మళ్లీ రాదు.

ఈ నియమాలన్నీ కన్సల్టెంట్ ఆర్కియాలజిస్టుల కోసం ప్రావిన్సు 2011లో తెచ్చిన ప్రమాణాల పుస్తకంలో ఉన్నాయి. ఉచితంగా దొరుకుతుంది. మొత్తం చదవలేకపోయినా, ఇంటర్వ్యూకు ముందు స్టేజ్ 2 అధ్యాయం చదివి వెళ్లండి. కొత్త టెక్నీషియన్‌కు మొదట ఇచ్చే పని అదే.

ఫీల్డ్ టెక్నీషియన్‌కు లైసెన్స్ అక్కర్లేదు. లైసెన్స్ ఉన్నవాళ్ల కింద పని చేస్తారు. క్రూను నడిపే ఫీల్డ్ డైరెక్టర్లలో చాలామందికి అప్లైడ్ రీసెర్చ్ లైసెన్స్ ఉంటుంది, మొత్తం ప్రాజెక్టు బాధ్యత ప్రొఫెషనల్ లైసెన్స్ ఉన్నవారిది.

ఉద్యోగం కోసం

సీజన్ సాధారణంగా ఏప్రిల్‌లో మొదలై నవంబరు, డిసెంబరు దాకా సాగుతుంది. నేల గడ్డకట్టినా, మంచు కప్పినా సర్వే చేయకూడదు. అందుకే కంపెనీలు ఫిబ్రవరి, మార్చిలోనే మనుషుల కోసం చూస్తాయి. మే నెలలో అప్లై చేస్తే ఆలస్యమైనట్టే.

రెజ్యూమెలో "తవ్వకాల్లో పాల్గొన్నాను" అని రాసి ఊరుకోకండి. ఏ చోట, ఎన్ని వారాలు, మీ చేత్తో ఏం చేశారు అన్నది రాయండి. గుంట గోడలోని పొరలను చూపే సెక్షన్ డ్రాయింగ్ గీశారా, కుండ పెంకులు కడిగి నంబర్లు వేశారా, టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరం పట్టుకున్నారా? ఇక్కడి ఫీల్డ్ డైరెక్టర్ చూసేది దాన్నే. ఇండియాలో చేసిన పనికి విలువ లేదేమో అన్న టెన్షన్ వద్దు. మట్టి పొరలు చదవటం తెలిసినవాళ్లకు ఎక్కడైనా తెలుస్తుంది.

ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ సర్టిఫికెట్, డబ్ల్యూహెచ్ఎంఐఎస్ అనే భద్రతా శిక్షణ ముందే పూర్తి చేసుకోండి. డ్రైవింగ్ లైసెన్స్ దాదాపు డిగ్రీ అంత ముఖ్యం. సైటుకు బస్సు ఉండదు. ఒంటారియోలో పూర్తి స్థాయి కారు లైసెన్స్ అయిన జీ లైసెన్స్ ఉన్నవాళ్లు ట్రక్ నడపగలరు కాబట్టి వాళ్లకు పిలుపు త్వరగా వస్తుంది. ఇండియాలో ఎన్నేళ్లు బండి నడిపారో చూపే అధికారిక పత్రం తెచ్చుకుంటే ఆ అనుభవం ఇక్కడ లెక్కలోకి రావచ్చు. స్టడీ పర్మిట్ మీద ఉంటే చదువు నడిచే రోజుల్లో వారానికి ఎన్ని గంటలు పని చేయవచ్చో ముందే చూసుకోండి. ఫీల్డ్ పని రోజంతా ఉంటుంది, గంటలు ఇట్టే దాటిపోతాయి.

సామాను

పారలు, జల్లెడలు, జెండాలు, జీపీఎస్ కంపెనీవే. మీరు కొనుక్కోవాల్సినవి: ఆకుపచ్చ త్రికోణం ముద్ర ఉన్న స్టీల్ టో బూట్లు, రెయిన్ కోటు, రెండు జతల గ్లవ్స్, మోకాళ్లకు ప్యాడ్, టేపు, దిక్సూచి, తడిసినా రాయగల నోట్‌బుక్, పెన్సిళ్లు. తాపీ మాత్రం మంచిది కొనండి. ఇక్కడ చాలామంది చేతిలో మార్షల్‌టౌన్ అయిదంగుళాల తాపీ కనిపిస్తుంది. దాని మీద మీ పేరు రాసుకుని, అంచు ఆకురాయితో పదును పెట్టుకోండి.

బూట్ల మీద డబ్బు మిగుల్చుకోవద్దు. రోజంతా తడి గడ్డిలో నిలబడాల్సి వచ్చినప్పుడు సంగతి తెలుస్తుంది.

టెస్ట్ పిట్ తవ్వటం

దున్నటం కుదరని చోట, అంటే అడవి, పచ్చిక, ఇంటి పెరడు లాంటి చోట్ల, టెస్ట్ పిట్లు (చిన్న పరీక్ష గుంటలు) తవ్వుతారు. నీటి వనరు, పాత రోడ్డు, ఇప్పటికే తెలిసిన సైటు లాంటివి 300 మీటర్ల లోపు ఉంటే అయిదు మీటర్లకు ఒకటి. అంతకంటే దూరమైతే పది మీటర్లకు ఒకటి.

అడుగులతో అయిదు మీటర్లు కొలవటం సీజన్‌కు ముందే నేర్చుకోండి. పార్కులో పాతిక మీటర్ల టేపు పరిచి, మామూలు నడకతో నడిచి అడుగులు లెక్కపెట్టండి. దాన్ని అయిదుతో భాగిస్తే మీ లెక్క తేలుతుంది. గడ్డి ఎత్తుగా ఉన్నచోట, వాలులో మళ్లీ చూసుకోండి, అడుగు కుంచించుకుపోతుంది. క్రూ అంతా ఒక వరసలో కదులుతుంది కాబట్టి ఒకరి అడుగు తప్పితే పక్కవాళ్ల వరస కూడా వంకర పోతుంది. ఇటువైపు ఒకరిని, అటువైపు ఒకరిని ఎప్పుడూ కంట కనిపెట్టుకుని ఉండండి.

గుంట అడ్డం కనీసం 30 సెంటీమీటర్లు. ముందు పైనున్న పచ్చిక పొరను పారతో గుండ్రంగా కోసి, చెదరకుండా ఎత్తి పక్కన పెట్టండి. తర్వాత మట్టిని ఆరు మిల్లీమీటర్ల జల్లెడలో పోసి జల్లించాలి. గుంట దిగువ మట్టిలోకి అయిదు సెంటీమీటర్లు దిగాలి. పైమట్టికీ దిగువ మట్టికీ తేడా రంగులో తెలుస్తుంది. దక్షిణ ఒంటారియోలో చాలాచోట్ల పైమట్టి ముదురు గోధుమ రంగు, మట్టి రంగులకు నంబర్లిచ్చే మన్సెల్ పుస్తకంలో 10వైఆర్ 3/2 దగ్గర ఉంటుంది. దిగువ మట్టి పసుపు కలిసిన గోధుమ, 10వైఆర్ 5/6 చుట్టుపక్కల. రంగు మారిందో లేదో అనుమానంగా ఉంటే గుంట గోడను తాపీతో గీరి శుభ్రం చేసి, కొద్దిగా నీళ్లు చిలకరించి చూడండి. తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

గోడలో పొరలు చూడకుండా గుంట పూడ్చకండి. అలసిపోయిన మధ్యాహ్నం వేళ అందరూ దాటేసేది ఈ మెట్టే. జల్లెడలో ఏమీ రాకపోయినా గోడలో బూడిద గీత ఒకటి ఉండొచ్చు.

ఏదైనా దొరికితే "పాజిటివ్" అని గట్టిగా చెప్పి, జెండా పాతి, ఫీల్డ్ డైరెక్టర్ వచ్చేదాకా ఆగండి. మిగతా గ్రిడ్ అలాగే కొనసాగుతుంది. అవసరమైతే ఆ గుంట చుట్టూ రెండున్నర మీటర్ల దూరంలో ఎనిమిది గుంటలు, దాని మీద ఒక మీటరు చదరపు గుంట వేస్తారు.

ఇక పూడ్చటం. మట్టి అంతా వెనక్కి పోసి, బూటుతో తొక్కి, పచ్చిక పొరను ఎలా ఉందో అలా అమర్చి మళ్లీ తొక్కండి. సగం పూడ్చిన గుంటలో ఆవు కాలు విరిగినా, పిల్లవాడి మడమ మెలిపడినా తప్పు మనదే. రైతు రేపు మళ్లీ మనల్ని తన పొలంలోకి రానివ్వాలి కదా.

తవ్వకానికి ముందు మరొకటి చూడాలి. ఒంటారియోలో ఎవరు నేల తవ్వాలన్నా ఒంటారియో వన్ కాల్‌కు చెప్పి కింద ఏ లైన్లు ఉన్నాయో గుర్తు పెట్టించుకోవాలి. ఎరుపు రంగు కరెంటు, పసుపు గ్యాస్, నీలం నీళ్లు, నారింజ ఫోన్ కేబుల్. ఆ కాగితాలు సైటులో ఉన్నాయా అని అడిగే హక్కు కొత్తవాళ్లకూ ఉంది. మొహమాటం లేకుండా అడగండి.

దున్నిన పొలంలో నడక

సాగులో ఉన్న పొలమైతే దున్నించి, ఒక పెద్ద వానో కొన్ని చిన్న వానలో పడేదాకా ఆగుతారు. నేల కనీసం 80 శాతం పైకి కనిపించాలి. అప్పుడు అయిదు మీటర్ల ఎడంతో వరసగా నడుస్తారు. ఏదైనా కనబడితే దాని చుట్టూ 20 మీటర్ల మేర ఒక్కో మీటరు ఎడంతో మళ్లీ నడుస్తారు. తీసేముందు జెండా పాతి, చోటు రికార్డు చేయాలి. కనబడగానే వంగి జేబులో వేసుకోవటం ఈ పనిలో క్షమించరాని అలవాటు. వస్తువు ఎక్కడుందన్నది పోతే మిగిలేది ఉత్త రాయే.

కళ్లకు అలవాటు కావాల్సినవి రెండు రకాలు. మొదటిది చెకుముకి పెచ్చులు. ఈరీ సరస్సు ఉత్తర తీరం నుంచి వచ్చే ఆనొండాగా చెకుముకి బూడిద, నీలి మచ్చలతో ఉంటుంది. మనిషి కొట్టిన పెచ్చుకు దెబ్బ తగిలిన చోట చిన్న చదునైన అంచు, దాని కింద కొద్దిగా ఉబ్బు, ఆ ఉబ్బు నుంచి అలల్లాంటి వలయాలు ఉంటాయి. నాగలి తగిలి పగిలిన రాయికి ఇవన్నీ ఒకేచోట కనిపించటం అరుదు. రెండో రకం 19వ శతాబ్దంలో యూరప్ నుంచి వచ్చి స్థిరపడిన సెటిలర్ల సామాను: నీలం బొమ్మల పింగాణీ ముక్కలు, మట్టి పైపు కాడలు, నలుపలకల కోత మేకులు. గుండ్రటి తీగ మేకులు బాగా వాడకంలోకి వచ్చింది 1890ల తర్వాత. సందేహం వస్తే చూపించండి. వందసార్లు మామూలు రాయి చూపించినా మంచి ఫీల్డ్ డైరెక్టర్ విసుక్కోరు.

ఆ నేల ఎవరిదో తెలుసుకుని అడుగు పెట్టండి

ఈ మెట్టు మీద నేను ఎక్కువసేపు ఆగుతాను. ఇక్కడ దొరికే పాత వస్తువుల్లో చాలావరకు ఇప్పటికీ సజీవంగా ఉన్న జాతుల పూర్వీకులవి. ప్రతి ప్రాజెక్టుకు ముందు అది ప్రభుత్వం ఆదివాసీ జాతులతో చేసుకున్న ఏ ఒప్పందం కింద ఉన్న భూమో చూసుకోండి. టొరంటో, హామిల్టన్ ప్రాంతం మిస్సిసాగాస్ ఆఫ్ ది క్రెడిట్ అనే జాతి వారి ఒప్పందాల భూమి. గ్రాండ్ నది పొడవునా రెండు ఒడ్డుల నుంచి ఆరేసి మైళ్లు 1784 హాల్దిమండ్ ప్రకటనలో సిక్స్ నేషన్స్ అనే ఆరు జాతుల కూటమికి ఇచ్చినది. టొరంటోకు ఉత్తరాన, తూర్పున 1923 విలియమ్స్ ఒప్పందాల జాతులున్నాయి. హురాన్-వెండాట్ జాతివారి ప్రస్తుత ఊరు వెండాకే క్యూబెక్ సిటీ దగ్గర ఉన్నా, వాళ్ల పూర్వీకుల గ్రామాలు దక్షిణ ఒంటారియో అంతటా ఉన్నాయి.

స్టౌఫ్‌విల్ దగ్గర ఇళ్ల లేఅవుట్ కోసం చేసిన పనిలో బయటపడిన జాన్-బాప్టిస్ట్ లేనే సైటు దీనికి మంచి ఉదాహరణ. 2003 నుంచి 2005 వరకు తవ్వితే 95కి పైగా లాంగ్‌హౌస్‌లు (కొన్ని కుటుంబాలు కలిసి ఉండే పొడవాటి ఇళ్లు) ఉన్న వెండాట్ గ్రామం తేలింది. సముద్రానికి అంత దూరంలో, యూరప్ నుంచి వచ్చిన ఇనుప ముక్క ఒకటి కూడా దొరికింది. మొదట ఆ భూమి యజమాని పేరుతో మాంటిల్ సైటు అనేవాళ్లు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన వెండాట్ సైనికుడి పేరు పెట్టారు.

చాలా ప్రాజెక్టుల్లో మీ క్రూతో పాటు ఫస్ట్ నేషన్ (స్థానిక ఆదివాసీ జాతి) తరఫున ఫీల్డ్ లైజాన్ రిప్రజెంటేటివ్ ఉంటారు. అందరూ ఎఫ్ఎల్ఆర్ అంటారు. తమ జాతి తరఫున పని సరిగా జరుగుతోందా అని చూసి, అక్కడ తిరిగి చెప్పటం వారి బాధ్యత. వారిలో ఎన్నో సీజన్ల అనుభవం ఉన్నవాళ్లు ఉంటారు. మొదటి రోజే వెళ్లి మీ పేరు, ఊరు చెప్పి పరిచయం చేసుకోండి, వాళ్ల జాతి పేరు సరిగా పలకటం నేర్చుకోండి. ఏదైనా దొరికితే వాళ్లకూ చూపించండి. ఫీల్డ్ డైరెక్టర్‌తో మాత్రమే గుసగుసలాడటం చాలా మర్యాద తక్కువ పని. పని మొదలయ్యే ముందు కొందరు నేల మీద పొగాకు ఉంచుతారు, మూలికల పొగ వేస్తారు. పిలిస్తే నిలబడండి, ఫోటో తీయకండి. "దీని అర్థమేంటి?" అని వెంటనే ప్రశ్నలు గుప్పించకండి. చెప్పాలనిపిస్తే వాళ్లే చెప్తారు, భోజనాల దగ్గర చాలా మాటలు వస్తాయి.

ఎముక కనబడితే తాపీ కింద పెట్టేయండి. జంతువుదేమో అని మీరే తేల్చకండి. ఫీల్డ్ డైరెక్టర్‌కు చెప్పండి. మనిషిదని తేలినా, అనుమానం ఉన్నా చట్టం ప్రకారం పోలీసులకు లేదా మరణాలను విచారించే అధికారి అయిన కరోనర్‌కు వెంటనే తెలియజేయాలి. అక్కడ పని ఆగిపోతుంది. ఫోటో ఎవరికీ పంపకూడదు, ఇంట్లోవాళ్లకు కూడా. 2013లో హురాన్-వెండాట్‌లు టొరంటో పక్కన వాన్ నగరంలో 1,700 మందికి పైగా పూర్వీకుల అస్థికలను తిరిగి భూమికి అప్పగించుకున్నారు. అవి దశాబ్దాల తరబడి యూనివర్సిటీలో ఉండిపోయినవి. మన ఇంటి పెద్దల అస్థికలు ఎవరి బీరువాలోనో నంబరు వేసి ఉంటే మనం ఎలా తట్టుకుంటాం?

సైటు ఎక్కడుందో కూడా బయట చెప్పకండి. దొంగతనంగా తవ్వేవాళ్లు ఉన్నారు. ఫీల్డ్ ఫోటో పెట్టాలనిపిస్తే ముందు కంపెనీని అడగండి.

క్రూలో

తెల్లవారుజామున ట్రక్‌లో కలిసి వెళ్తారు, కలిసి తవ్వుతారు, దూరపు ప్రాజెక్టయితే వారమంతా ఒకే మోటెల్‌లో ఉంటారు. ఇంత దగ్గరగా ఉన్నప్పుడు చిన్న అలవాట్లే పెద్దవవుతాయి. చెప్పిన టైముకు అయిదు నిమిషాల ముందు ఉండండి. మీ వరస ముందే అయిపోతే వెనకబడ్డవాళ్ల వరసకు అవతలి చివర నుంచి తవ్వుకుంటూ రండి. ఎవరూ అడగరు, కానీ అందరూ గుర్తు పెట్టుకుంటారు. బరువైన జల్లెడను ఎప్పుడూ ఒకరే మోయకుండా మార్చుకోండి.

ఇక్కడ ఎంత పెద్దవారినైనా పేరు పెట్టే పిలుస్తారు. "సర్", "మేడమ్" అంటే వాళ్లకే ఇబ్బంది. మనకు మొదట్లో నోరు రాదు, మెల్లగా అలవాటవుతుంది. తెలియని విషయానికి తల ఊపకండి. "అర్థం కాలేదు, ఇంకోసారి చూపిస్తారా?" అనటం ఇక్కడ తక్కువతనం కాదు. మీ ఒంట్లో బాగోలేకపోయినా, ఎండకు కళ్లు తిరుగుతున్నా అంతే సూటిగా చెప్పండి. ఎవరైనా మిమ్మల్ని కించపరిచినా, ఒళ్లు తాకినా, ఒంటరిగా మోటెల్ గదిలో మథనపడకండి. తేదీతో సహా రాసి పెట్టుకుని కంపెనీలో బాధ్యులకు చెప్పండి. ప్రమాదకరమైన పనిని నిరాకరించే హక్కు ఒంటారియో చట్టం ఇస్తోంది.

మధ్యాహ్నం ట్రక్ వెనక తలుపు మీద కూర్చుని అందరూ డబ్బాలు విప్పుతారు. పులిహోర ఈ పనికి బాగా సరిపోతుంది, చల్లారినా రుచి పోదు. కాస్త ఎక్కువే పట్టుకెళ్లండి.

సాయంత్రం స్నానానికి ముందు ఒళ్లంతా పిడుదుల కోసం చూసుకోండి. నల్లకాళ్ల పిడుదు లైమ్ వ్యాధి తెస్తుంది. ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోవటం, లేతరంగు బట్టలు వేసుకోవటం పనికొస్తాయి. తగిలితే ఒళ్లు దద్దురెక్కే, మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ మొక్కను మొదటి రోజే ఎవరినైనా అడిగి చూసి గుర్తు పెట్టుకోండి.

చలికాలం

డిసెంబరులో చాలామందికి లేఆఫ్ వస్తుంది. మీ పనికి సంబంధించిన మాట కాదు, అందరికీ ఉండేదే. ఎన్ని గంటలు పని చేశారో చూపే, కంపెనీ ఇచ్చే రికార్డ్ ఆఫ్ ఎంప్లాయ్‌మెంట్ పత్రం తీసుకోండి. అర్హతకు కావాల్సినన్ని గంటలు నిండితే పని పోయినప్పుడు ప్రభుత్వం ఇచ్చే ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ భృతికి అప్లై చేయవచ్చు. వేసవి జీతంలో కొంత పక్కన పెట్టుకోవటం తప్పదు.

ల్యాబ్ పని దొరికితే వదులుకోకండి. టూత్‌బ్రష్‌తో పెంకులు కడగటం, ఇనుప వస్తువులను మాత్రం నీళ్లు తగలకుండా పొడిగా బ్రష్ చేయటం, జాబితా రాయటం. ప్రతి సైటుకూ బోర్డెన్ నంబరు ఉంటుంది. పురావస్తు శాస్త్రవేత్త చార్లెస్ బోర్డెన్ 1952లో రూపొందించిన ఈ పద్ధతిలో దేశాన్ని అక్షాంశ రేఖాంశాలతో గడులుగా విభజించి నాలుగు అక్షరాలు ఇస్తారు, తర్వాత వరస సంఖ్య. లేనే సైటుది ఏఎల్‌జీటీ-334. ఒక్క శీతాకాలం ల్యాబ్‌లో కూర్చుంటే మరుసటి వసంతంలో పొలంలో మీ కన్ను ఎంత మారిందో మీకే తెలుస్తుంది.

1950లో మొదలైన ఒంటారియో ఆర్కియలాజికల్ సొసైటీకి టొరంటో, ఒట్టావా, హామిల్టన్, లండన్ లాంటి ఊళ్లలో శాఖలున్నాయి. శాఖల ఉపన్యాసాలకు వెళ్లండి, ఏటా జరిగే సింపోజియంకు కూడా. దేశవ్యాప్తంగా 1968 నుంచి కెనడియన్ ఆర్కియలాజికల్ అసోసియేషన్ ఉంది, ఆదివాసీ జాతులతో ఎలా మెలగాలో 1990ల్లోనే నైతిక సూత్రాలు రాసుకున్న సంస్థ అది. ఉద్యోగాల కబుర్లు ప్రకటనల కంటే ముందు ఈ సమావేశాల టీ విరామాల్లోనే తెలుస్తాయి. కొత్త చట్టాల గురించిన చర్చలూ అక్కడే వింటారు. 2025లో ఒంటారియో తెచ్చిన బిల్ 5 అనే చట్టం కొన్ని ప్రాజెక్టులకు పురావస్తు పరిశీలన నుంచి మినహాయింపు ఇవ్వటానికి దారి తెరిచింది. దానిమీద ఫస్ట్ నేషన్లు ఏమంటున్నాయో, మీ తోటివాళ్లు ఏమంటున్నారో విని మీ అభిప్రాయం ఏర్పరచుకోండి.

ఇంకొక్క పని మొదటి రోజు నుంచే మొదలుపెట్టండి. ఏ తేదీన, ఏ ప్రాజెక్టులో, ఏ స్టేజ్‌లో, ఎవరి లైసెన్స్ కింద ఏం పని చేశారో ఒక పుస్తకంలో రాసుకుంటూ ఉండండి. సీజన్ చివర లేఆఫ్‌కు ముందే ఆ లైసెన్స్ ఉన్నవారితో దాన్ని ధృవీకరిస్తూ ఉత్తరం రాయించుకోండి. రేపు మీరే లైసెన్స్‌కు దరఖాస్తు చేసేటప్పుడు అనుభవానికి రుజువు చూపాలి. కంపెనీలు చేతులు మారతాయి, మనుషులు వేరే ప్రావిన్సులకు వెళ్లిపోతారు, అప్పుడు వెతుక్కోవటం కష్టం.